మంచుమీద మూడు రోజులు

పిల్లలూ! వానాకాలంలో చెరువుకట్ట మీదినుంచి తాటిమట్ట మీద కూర్చుని ఎప్పుడైనా జారారా? జారే ఉంటారు. ఇంటికి వెళ్ళాక లాగు వెనుక చిరుగు చూసి అమ్మ ఏమన్నదో కూడా మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ తాటిమట్టకు చలిదేశాలలో ఒక పెద్దన్న ఉన్నాడు. ఆయన పేరు స్కీ.

స్కీ అంటే మరేమీ కాదు, మనిషికన్న కాస్త పొడవుగా, జానెడు కూడా వెడల్పు లేకుండా, ముందుకొన పైకి వంచిన పలక. అటువంటివి రెండు, కాలికొకటి కట్టుకుని, చేతికొక కర్ర పట్టుకుని మంచుమీద జారుతూ పోతారు. నార్వేవాళ్ళ పాత భాషలో ఆ మాటకు చీల్చిన కట్టె అని అర్థం. ఇది ఇవాళ నిన్న పుట్టిన వేడుక అనుకునేరు! ఉత్తర రష్యాలో నేలలో దొరికిన స్కీ ముక్కలకు సుమారు 8000 ఏండ్ల వయస్సు కట్టారు. బండి చక్రం పుట్టకముందే మనిషి స్కీలు కట్టుకుని వేటకు పోయినాడన్నమాట.

జనగామలో పుట్టి పెరిగిన నాకు ఈ స్కీల సంగతి ఎలా తెలిసిందని మీరు అడగవచ్చు. 1982వ సంవత్సరం సంక్రాంతి సెలవులలో నేనూ నా స్నేహితుడూ మూడు రోజులపాటు వాటిని కట్టుకున్నాము. కట్టుకున్నామనే అంటున్నాను, నడిపామని అనడం లేదు.

అప్పుడు నేను వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఆ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది, అంటే దానికి అప్పటికి ఆరేండ్లు నిండలేదు. నా స్నేహితుడిది మహబూబాబాదు. ఆ పక్క ఊళ్ళవారెవరూ అలా అనరు, మానుకోట అంటారు. అతడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. ఇంటర్మీడియేట్‌లో ఇద్దరం ఒకే బల్లమీద కూర్చున్నవాళ్ళం. మనాలిలో 1961లో పర్వతారోహణ సంస్థ ఒకటి ఏర్పడిందనీ, ఆ చుట్టుపక్కల శీతాకాలంలో మంచుమీద జారడం నేర్పేవాళ్ళుంటారనీ అతడు ఎక్కడో చదివాడు. ఇక చెప్పేదేమున్నది! నా విద్యార్థివేతనంలో మిగిల్చిన డబ్బు నేను తీశాను. అతడు వాళ్ళ నాయనను బతిమాలుకున్నాడు. వాళ్ళకు రెండెకరాల మిరపతోట ఉండేది. "పండుగ దాటిన నాలుగు రోజులకు కాయ ఏరుడు మొదలైతది. అప్పటికి రావాలె. మనిషి తక్కువైతే కాయ చెట్టుమీదనే రాలిపోతది" అని ఆయన షరతు పెట్టాడు. వీడు తలకాయ ఊపాడు. ఈ షరతును మీరు గుర్తుంచుకోండి.

మా నాయన మాత్రం, "జారుటానికి ఢిల్లీ అవతలకు పోవాల్నా బిడ్డా? మన చెరువుకట్ట ఏం పాపం జేసింది?" అన్నాడు. అయినా రైలుఖర్చుకు ఇరవై రూపాయలు ఇచ్చాడు.

కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కాము. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటి బండి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు గూకుతున్నది. నా స్నేహితుడు కిటికీలోనుంచి ఇసుకతిన్నెలవంక చూస్తూ, "ఒరే, మనం అనవసరంగా అంతదూరం పోతున్నం. ముప్పై కోట్ల ఏండ్ల ముందు పుట్టి ఉంటే ఇక్కడనే దిగి జారేవాళ్ళం" అన్నాడు. వాడు ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడే. నేను నవ్వి, చద్దిమూట విప్పాను. ఆ మాట మళ్ళీ నాకు ఇరవై ఏండ్లదాకా గుర్తు రాలేదు.

ఢిల్లీలో దిగి రాత్రి బస్సు పట్టుకుని మరునాటికి మనాలి చేరాము. ఆ దారి పొడుగునా మండీ దాటినప్పటినుంచి బియాస్ నది పక్కపక్కనే వస్తుంది. మన పురాణాలలో విపాశ అని వింటారే, ఆ నదే. మనాలి ఊరు సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉన్నది. మన జనగామ 400 మీటర్లయినా లేదు. పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి 1000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. పైగా మనాలి మనకు బాగా ఉత్తరాన ఉన్నది. మన సంక్రాంతి చలికి గొంగడి చాలు. అక్కడి చలికి మేమిద్దరం తెచ్చుకున్న గొంగళ్ళు రెండూ ఒకడికే చాలలేదు.

మరొక విశేషం. మనకు వానలు నైరుతి ఋతుపవనాలు తెస్తాయి గదా! హిమాలయాల పశ్చిమభాగంలో శీతాకాలపు మంచు అలా పడదు. ఎక్కడో మధ్యధరా సముద్రంవైపు పుట్టిన గాలివాన తెరలు ఇరాను, ఆఫ్ఘనిస్తాను మీదుగా వచ్చి ఆ కొండలకు తగులుతాయి. వాటినే పశ్చిమ అలజడులంటారు. మేము కాలు పెట్టిన మంచు నీటిలో కొంతభాగం అంతదూరం ప్రయాణం చేసి వచ్చిందే.

మొదటి సాయంత్రం ఊళ్ళోని హిడింబ గుడికి వెళ్ళాము. ఆకాశమంత ఎత్తు దేవదారుచెట్ల నడుమ, అంతస్తులంతస్తులుగా కప్పు వేసిన చెక్కగుడి, 1553లో కట్టినది. మా స్నేహితుడు చేతులు జోడించి, "మా గూడూరు అడవిలో భీముని పాదం అని జలపాతం ఉన్నది. రేగొండ పక్కన పాండవుల గుట్ట ఉన్నది. అంటే భీముడు మాకాడ అడుగు పెట్టి, ఇక్కడికొచ్చి పెండ్లి చేసుకున్నడన్నమాట. మన అల్లుడో, వీళ్ళ అల్లుడో తేల్చాలె" అన్నాడు. పక్కనున్న ముసలాయనకు తెలుగు రాదు గనుక సరిపోయింది.

మరునాడు సోలంగ్ లోయకు వెళ్ళాము. మనాలికి కొన్ని క్రోసుల దూరం. దారి సగం మంచు కప్పేసి ఉంటే నడిచాము. అక్కడ ఒక ఊరి మనిషి మాకు స్కీలు అద్దెకిచ్చి, నేర్పుతానన్నాడు. మేము వచ్చీరాని హిందీలో మాట్లాడాము. ఆయన కులూ యాసలో మాట్లాడాడు. పడటానికి భాష అక్కరలేదు గదా!

నిజానికి ఆయన మొదట నేర్పింది పడటమే. పక్కకు పడాలి, చేతులు చాచి పడకూడదు, లేచేటప్పుడు పలకలు రెండూ వాలుకు అడ్డంగా పెట్టుకుని లేవాలి. ఒక ఉదయమంతా పడడం, లేవడం. మడమను పలకకు బిగించే పట్టీ గురించి కూడా చెప్పాడు. ఆ పట్టీకి ఒక కథ ఉన్నది. నార్వేలో టెలిమార్క్ అనే సీమలో సోండ్రె నోర్‌హైమ్ అని ఒక పేద రైతు ఉండేవాడు. 19వ శతాబ్దంలో ఆయన విల్లోచెట్టు వేళ్ళను మెలివేసి మడమచుట్టూ బిగించి కట్టుకున్నాడు. అంతకుముందు బొటనవేలి దగ్గర మాత్రమే కట్టేవారు గనుక, ఎగిరితే పలక ఊడిపోయేది; మలుపు తిరిగితే కాలు ఒకవైపు, పలక ఒకవైపు. నోర్‌హైమ్ మెలివేసిన వేళ్ళతో స్కీ మనిషి కాలిలో భాగమైంది. 1888లో నాన్సెన్ అనే మరొక నార్వే దేశీయుడు అయిదుగురు తోడువాళ్ళతో స్కీల మీదనే గ్రీన్‌లాండ్ మంచుదేశాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటాడు.

సరే, ఇంతకూ మంచులో మునగకుండా ఎలా నిలబడతాము? లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి చెప్పులు రెండూ కలిపి సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 150 గ్రాముల బరువు. మోకాలిదాకా దిగబడిపోతాడు. నేను కట్టుకున్న స్కీ 190 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు. రెంటికీ కలిపి 2660. ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు 23 గ్రాములైనా పడదు. బురదపొలంలో పలకమీద నిలబడినట్టే.

మరి జారడమెందుకు జారుతుంది? ఇది చిన్న ప్రశ్న కాదు. బరువుకు మంచు కరిగి, ఆ నీటిమీద జారుతుందని చాలాకాలం పుస్తకాలలో వ్రాశారు. మేమూ అట్లాగే చదువుకున్నాము. కాని ఇంతకుముందు మీరు వేసిన లెక్కే దానిని కొట్టివేస్తుంది. అంత కొద్దిపాటి బరువుకు మంచు కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యోవంతైనా తగ్గదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆల్ప్స్ కొండలలో మంచుగుహలోనే ప్రయోగాలు చేసి, రాపిడివల్ల పుట్టే వేడి పలచని నీటిపొరను కలిగిస్తుందని చూపారు. దానికి ఎంతో ముందు, 1850లో, ఫారడే మరొక సంగతి గమనించాడు. కరిగే స్థితికి దగ్గరగా ఉన్న మంచుగడ్డకు పైన ఎప్పుడూ ఒక పలచని తడిపొర ఉంటుంది. రెండు మంచుముక్కలను దగ్గర పెట్టి నొక్కితే అతుక్కుపోవడం అందువల్లనే అన్నాడు. ఎండాకాలం మీరు కొనుక్కునే ఐస్ గోలా పుల్లకు ముద్దగా అతుక్కుని ఉంటుంది, చూశారా? బండివాడు నొక్కేటప్పుడు ఫారడే చెప్పినదే జరుగుతుంది. రంపపుపొట్టులో దాచిన మంచుగడ్డ చేతిలోనుంచి జారిపోయేది కూడా ఆ తడిపొరవల్లనే.

రెండవనాటికి నా స్నేహితుడు చక్కగా జారుతున్నాడు. నేను ఎప్పటివలెనే పడుతున్నాను. కారణం గురువుగారు ఒక్కచూపులో పట్టేశాడు: నాకు భయం. భయపడ్డవాడు వెనక్కు వాలుతాడు. మెట్లు దిగేటప్పుడు, గుట్ట దిగేటప్పుడు మనం చేసేది అదే. కాని స్కీమీద వెనక్కు వాలితే బరువంతా మడమలమీద పడుతుంది, ముందుకొనలు తేలిపోతాయి, ఇక అవి నీ మాట వినవు. లోయవైపు ముఖం పెట్టి, మోకాళ్ళు వంచి, ముందుకు వంగాలి. బుద్ధి వద్దంటున్న పనిని ఒళ్ళు చేయాలన్నమాట! ఆపడానికి మరొక ఉపాయం ఉన్నది. పలకల ముందుకొనలు దగ్గరగా, వెనుకకొనలు దూరంగా, నాగలికర్రువలె పెడితే, లోపలి అంచులు మంచును దున్నుతూ వేగం తగ్గిస్తాయి. "హల్, హల్" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. నాగలి పట్టినవాళ్ళ ఇంట పుట్టిన నా స్నేహితుడికి అది వెంటనే వచ్చింది. నాకు రాలేదు.

మూడవనాడు మధ్యాహ్నం ఎండ బాగా కాచింది. కొత్తమంచు తనమీద పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. నల్ల కళ్ళద్దాలు లేకపోతే కళ్ళు మండి, ఒక రోజంతా చూపు కూడా ఆనదు. మా దగ్గర ఒక జతే ఉండేది, వంతులవారీగా పెట్టుకునేవాళ్ళం. అప్పుడు వంతు వాడిది. నేను కళ్ళు చికిలించుకుని, ఇక ఇదే ఆఖరిసారి గదా అని, గురువుగారు వద్దన్న ఎత్తునుంచి బయలుదేరాను. వద్దన్నాడు అని మళ్ళీ చెబుతున్నాను. తప్పు నాదే.

సగం దూరం బాగానే వచ్చాను. ఆ తరువాత వేగం పెరిగింది. నాగలి పెడదామంటే కాళ్ళు కలవలేదు. ఎదురుగా కట్టెల మోపులు పేర్చి ఉన్నాయి. నేను వెనక్కు వాలాను, పలకలు నన్ను విడిచి వాటి దారి అవి పట్టినట్టు తోచింది. అప్పుడు కింద నిలబడి ఉన్న నా స్నేహితుడు అడ్డం వచ్చి నన్ను పక్కకు తోశాడు. ఇద్దరం కలిసి దొర్లాము. నేను లేచాను. వాడు లేవలేదు. వాడి కుడి చీలమండ మెలితిరిగింది.

విరగలేదు, అదే అదృష్టం. గురువుగారు మంచునే గుడ్డలో కట్టి కాలికి చుట్టాడు. సాయంత్రానికి కాలు గుమ్మడికాయంత అయింది. వాడు అద్దాలు తీసి నాకిచ్చి, "ఇప్పుడు నీ వంతు" అన్నాడు. తరువాత చాలాసేపటికి, "నాయనకు ఏం చెప్పాలె?" అన్నాడు. అప్పుడు నాకు మిరపతోట జ్ఞాపకం వచ్చింది.

తిరుగుప్రయాణం గురించి వ్రాయను. బస్సులో, రైలులో వాడి కాలు నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

కాజీపేటలో దిగి నేను జనగామ వైపు వెళ్ళలేదు. వాడితో మానుకోట బండి ఎక్కాను. వాళ్ళ నాయన కొడుకు కాలు చూశాడు, నా ముఖం చూశాడు. "అడ్డం రాకపోతే మీ వాడు బతికేవాడు గదా" అని నేనే ముందు చెప్పేశాను, అంటే జరిగినదంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "కాయ ఎవరు ఏరుతరు మరి?" అని మాత్రం అన్నాడు. నేను ఏరుతానన్నాను.

తొమ్మిది రోజులు ఏరాను. విశ్వవిద్యాలయం తెరిచారు, నేను పోలేదు. మిరపకాయ ఏరడం తేలిక పని అనుకునేవాళ్ళు ఒక పూట చేసి చూడాలి. నడుము వంగే ఉండాలి. తొడిమ ఊడకుండా కాయ తెంపాలి. మొదటి రోజు మరచిపోయి కళ్ళు తుడుచుకున్నాను. సోలంగ్‌లో ఎండ చేసినపనికన్న పదింతలు చేసింది. రాత్రి అరచేతులు నిప్పులమీద పెట్టినట్టుండేవి. వాళ్ళమ్మ వెన్నపూస రాస్తూ, "మంచుమీద ఆడొచ్చిన చేతులు గదా బిడ్డా, కొంచెం ఓర్చుకోవాలె" అని నవ్వేది. వెన్న రాయడంలో ఆమె శాస్త్రం ఉన్నది. మిరపలోని ఘాటుపదార్థం నీళ్ళకు వదలదు, కొవ్వులో కరుగుతుంది. మరి వేడి లేకుండానే మంట ఎందుకు? మన నరాలలో వేడిని కనిపెట్టే కావలివాడొకడు ఉన్నాడు. మిరపఘాటు తగిలినా వాడు నిప్పు తగిలిందనే కబురు పంపుతాడు. ఆ కావలివాడిని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. 1982లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నా చేతులకు మాత్రం బాగా తెలిసింది.

తరువాత నేను ఉపాధ్యాయుణ్ణయ్యాను. ప్రధానోపాధ్యాయుడిగా నాకు భూపాలపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాల వచ్చింది. ఇప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ మూడు జిల్లాలు. 2016 అక్టోబరులో ఏర్పడ్డాయి. అప్పట్లో మూడూ వరంగల్లు జిల్లాలోనివే. భూపాలపల్లి అంటే సింగరేణి బొగ్గు. మా బడిపిల్లలలో సగంమంది నాయనలు గనిలో దిగేవాళ్ళే.

2003లో ఒకనాడు తొమ్మిదవ తరగతికి పోయి, మంచు గురించి పాఠం చెబుతూ, మామూలుగా సోలంగ్ కథ ఎత్తుకున్నాను. ప్రతి ఏడూ చెప్పే కథే అది. "మన దగ్గర మంచు లేదు, ఎన్నడూ ఉండలేదు, అందుకే అంతదూరం పోవలసి వచ్చింది" అన్నాను. వెనుకబల్లమీద ఒక పిల్లవాడు లేచాడు.

"సార్, మనకాడ సుత మంచు ఉండెనట. బొగ్గు కింద మంచుకాలం రాళ్ళున్నయని మా నాయన చెప్పిండు. గనిల పెద్దసారు చెప్పిండట."

నేను నవ్వాను. "బొగ్గు కింద మంచుంటే మీ నాయనను డబ్బాలో పెట్టుకొని రమ్మను, గోలా చేసుకుందాం" అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది. పిల్లవాడు కూర్చున్నాడు. ఆ నెలలో వాడు మళ్ళీ చెయ్యి ఎత్తలేదు.

నేను అది గమనించాను. గమనించి ఊరుకున్నాను, అది మరొక తప్పు. ఒకనాడు బండిమీద గోదావరి గట్టుకు పోయినప్పుడు, ఇసుకతిన్నెలు చూస్తుంటే, హఠాత్తుగా వంతెనమీది మాట చెవిలో మోగింది. ముప్పై కోట్ల ఏండ్లు! ఇంటికి వచ్చి నా స్నేహితుడికి ఉత్తరం వ్రాశాను. వారంలో జవాబు వచ్చింది, బొమ్మలతో సహా. మొదటి వాక్యం ఇది: "నేను అప్పుడే చెప్పిన, నువ్వు చద్దిమూట విప్పుతున్నవు."

వాడు వ్రాసినది, ఆ తరువాత నేను చదువుకున్నది కలిపి మీకు చెబుతాను.

సుమారు 30 కోట్ల ఏండ్ల కిందట మన దక్షిణాపథం ఇప్పుడున్నచోట లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో అతుక్కుని, దక్షిణధ్రువానికి చేరువలో ఉండేది. ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు. అవును, మన గోండుల పేరే. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ రాళ్ళకు ఆ పేరు పెట్టాడు. ఆ కాలంలో మన నేలమీద మంచు పేరుకుని, గడ్డకట్టి, హిమానీనదాలుగా కదిలింది. హిమానీనదం మెల్లగా పాకుతూ దారిలోని బండలను పెరికి, ఒకదానితో ఒకటి రాచి, అరగదీసి మోసుకుపోతుంది. కరిగినచోట పడేసి పోతుంది. ఏరు మోసిన రాళ్ళలో సన్నవి ఒకచోట, పెద్దవి ఒకచోట వేరుపడి ఉంటాయి. మంచు మోసినవి అలా కాదు. మెత్తటి మట్టిలో గుండ్రాయి, పక్కనే బండ, అన్నీ కలగాపులగం. పైన గీతలు కూడా ఉంటాయి. 1856లో ఒడిశాలోని తాల్చేరు దగ్గర బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ అటువంటి బండల పొరను చూసి, ఇది మంచు పనే అన్నారు. మండే ఎండల ఒడిశాలో మంచా అని నవ్వినవాళ్ళు అప్పుడూ ఉండి ఉంటారు, నావలె.

1875లో ఫెడెన్ అనే ఆయన చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ ఏటిలో ఇరాయి అనే ఊరి దగ్గర, ఆ పొర అడుగున ఉన్న రాతినేల నున్నగా అరిగి, గీతలు పడి ఉండటం చూపాడు. హిమానీనదం గీసిన గీతలు! పటం తీసి చూడండి. పెన్‌గంగ వార్ధానదిలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాళేశ్వరం ఎక్కడున్నది? భూపాలపల్లి జిల్లాలోనే. తాల్చేరు పొరలు ఈ గోదావరి లోయలో కూడా గోండ్వానా రాళ్ళకు అన్నిటికన్న అడుగున ఉన్నాయి. బొగ్గు వాటికి పైన.

మరి మంచుమీద బొగ్గు ఎలా వచ్చింది? వాతావరణం వేడెక్కి మంచు వెనక్కు తగ్గింది. చిత్తడినేలల మీద అడవి పెరిగింది. ఆ అడవిలో ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్; నాలుకలాంటి ఆకు గనుక ఆ పేరు. ఆ చెట్లు నీటిలో కూలి, మట్టికింద అణిగి, కోట్ల ఏండ్లకు బొగ్గయినాయి. 1870 తరువాత విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనిపెట్టిన బొగ్గు అదే. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్ జంక్షన్ నుంచి ఆ బొగ్గుకోసమే రైలుదారి వేశారు. భూపాలపల్లి బొగ్గు కూడా ఆ కాలపుదే.

తరువాత గోండ్వానా పగిలింది. మన ముక్క విడిపోయి ఉత్తరంగా ప్రయాణం చేసి, సుమారు 5 కోట్ల ఏండ్ల కిందట ఆసియాను ఢీకొన్నది. ఆ తోపుడుకు లేచినవే హిమాలయాలు. కాబట్టి మేము సోలంగ్‌లో జారిన కొండ మన నేల తోసి లేపినదే!

ఈ ఉత్తరం చదివిన మరునాడు తొమ్మిదవ తరగతికి పోయాను. "నేను చెప్పింది తప్పు, వాడు చెప్పింది ఒప్పు" అని ముందు చెప్పి, తరువాత నల్లబల్లమీద పొరల బొమ్మ వేశాను. పిల్లవాడిని ముందుబల్లమీదికి పిలిస్తే రానన్నాడు. నాయనను ఎగతాళి చేశానని వాడి కోపం. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గని నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్న వాళ్ళ నాయన నేను చెప్పేది విని, "గదేముంది సారూ" అని లోపలికి పోయి, నల్లటి పెంకురాయి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దానిమీద బెత్తెడు పొడవు ఆకు, నడిమి ఈనె, వలలాంటి సన్న ఈనెలతో సహా స్పష్టంగా ఉన్నది. గ్లోసోప్టెరిస్.

అప్పుడు నేను ఆ పిల్లవాడికి ఒక కథ చెప్పాను. 1912లో దక్షిణధ్రువం నుంచి తిరిగివస్తూ ఇంగ్లీషు కెప్టెన్ స్కాట్, అతని తోడివాళ్ళు ఆకలితో, చలితో చనిపోయారు. ఆ ఏడు నవంబరులో వెదకబోయినవాళ్ళకు వాళ్ళ డేరా దొరికింది. స్లెడ్జిబండి మీద 16 కిలోల రాళ్ళు ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా వాళ్ళు ఆ బరువును వదలలేదు. ఆ రాళ్ళలో ఉన్నది ఈ ఆకే. అంటార్కిటికాకూ మనకూ ఒకప్పుడు ఒకే అడవి అనడానికి సాక్ష్యం. వెదకబోయినవాళ్ళలో ట్రిగ్వె గ్రాన్ అనే నార్వే యువకుడు ఉన్నాడు. స్కాట్ మనుషులకు స్కీలు నేర్పినవాడు అతడే. అతడు తన స్కీలను సమాధిమీద శిలువగా నిలిపి, స్కాట్ స్కీలు తాను కట్టుకుని తిరిగివచ్చాడు. వాటినైనా ప్రయాణం పూర్తిచేయనిద్దామని.

పిల్లవాడు చాలాసేపు ఆ రాయిని తిప్పి తిప్పి చూశాడు. తరువాత, "సార్, ఆ స్కీ ఎట్ల ఆపుతరో మళ్ళొకసారి చెప్పున్రి" అన్నాడు.

ఆ వానాకాలం ఒక ఆదివారం చెరువుకట్ట మీదుగా పోతుంటే, మా బడిపిల్లలు తాటిమట్టలమీద జారుతున్నారు. కూర్చుని కాదు, నిలబడి. మోకాళ్ళు వంచి, ముందుకు వంగి, రెండు మట్టల కొసలు దగ్గరకు చేర్చి. నాగలి! బురదలో నాలుగు బారలు జారి వాడొకడే పడకుండా ఆగాడు. నన్ను చూసి, "రాన్రి సార్, మీరు సుత" అని పిలిచాడు. నేను చెప్పులు విడిచి, కండువా గట్టుమీద పెట్టి, మట్టలమీద నిలబడ్డాను. యథాప్రకారం వెనక్కు వాలాను.